తెరమీది దయ్యం, ప్రేక్షకుల తీర్పు

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున పర్ణశాల ఉన్నది. సీతారామలక్ష్మణులు వనవాస కాలంలో కుటీరం కట్టుకొని నివసించిన చోటు అదేనని ఈ ప్రాంత ప్రజల విశ్వాసం. బంగారు లేడి రూపంలో వచ్చిన మారీచుడు బాణం తగిలి నేలకూలేటప్పుడు రాముని గొంతుతోనే ఆర్తనాదం చేసినాడు. ఆ గొంతును ఇద్దరు విన్నారు. సీతమ్మ నమ్మినది, లక్ష్మణుడు నమ్మలేదు. నమ్మనందుకు లక్ష్మణుడు ఎంత పరుషమైన మాట పడవలసి వచ్చినదో రామాయణం ఎరిగినవారందరికి తెలుసును. ఒకే ధ్వనిని ఒకే క్షణంలో విన్న ఇద్దరికి రెండు అభిప్రాయాలు కలిగినవి.

ధ్వనినే వృత్తిగా చేసుకొన్నవాణ్ణి కావడం చేత, దయ్యపు చిత్రం విడుదలైనప్పుడల్లా నాకు ఈ కథ జ్ఞాపకం వస్తుంది. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు, భద్రాచలం - ఈ ఊళ్లలో ఏ సినిమాహాలు ముందు నిలబడినా సరే, ఆట విడిచిన తరువాత పది నిమిషాలు చెవి ఒగ్గి వింటే చాలును. భయం వేయలేదు కనుక చిత్రం బాగుండలేదని ఒకరు అంటారు. రాత్రికి నిద్ర పట్టేటట్లు లేదు కనుక చాల బాగున్నదని మరొకరు అంటారు. ఇటువంటి చిత్రాలు మూఢనమ్మకాలను పెంచుతున్నవని ఒక ఉపాధ్యాయుడు కోపగించుకొంటాడు. ఇందులో కల్పన ఏమున్నది, మా ఊళ్లో కళ్లారా చూసినదే కదా అని ఒక పెద్దమనిషి నెమ్మదిగా అంటాడు. పిల్లవాణ్ణి తీసుకొని రావడమే పొరపాటైనదని ఒక తల్లి బాధపడుతుంది. ఈ అభిప్రాయాలలో ఏది సరియైనది అని విచారించడానికి ముందు, వీరందరు ఒకే విషయాన్ని గురించి మాట్లాడుతున్నారా అని చూడవలసి ఉన్నది. మాట్లాడడం లేదని నా మనవి.

ఒంటిమీదికి మరొక ఆత్మ రావడమనే ఇతివృత్తం తెలుగువారికి కొత్తది కాదు. 1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల చేతబడి కథతో పాఠకులకు నిద్ర లేకుండ చేసినది. ఆ పరంపరలోని కథతో 1986లో ‘కాష్మోరా’ చిత్రం వచ్చినది. 1992లో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ చిత్రంలో, పాడుకోటలను స్మశానాలను విడిచిపెట్టి, మధ్యతరగతి కుటుంబం కొత్తగా దిగిన ఇంట్లోకి భయాన్ని తీసుకొనివచ్చినారు; ఆవేశానికి లోనైన కళాశాల విద్యార్థినిగా రేవతి నటించినది. 2005లో అనువాదమై వచ్చిన ‘చంద్రముఖి’ మరొక త్రోవ తొక్కినది. అందులోని వైద్యుడు దానిని మనోవ్యాధిగా గుర్తించి, చికిత్సకోసం మంత్రతంత్రాల వాతావరణాన్ని సాధనంగా వాడుకొంటాడు. 2009 సంక్రాంతికి వచ్చిన కోడి రామకృష్ణగారి ‘అరుంధతి’ గద్వాల సంస్థానం నేపథ్యంగా ప్రేతాత్మ పగను చూపినది. 2022 నవంబరులో వచ్చిన సాయికిరణ్ చిత్రం ‘మసూద’లో భర్తకు దూరమైన ఒక ఉపాధ్యాయురాలి కూతురికి ఆత్మ ఆవహిస్తుంది, పొరుగింటి పిరికి యువకుడు ఆ తల్లీబిడ్డలకు తోడు నిలుస్తాడు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన కార్తీక్ వర్మ దండు ‘విరూపాక్ష’లో రుద్రవనం అనే కల్పిత గ్రామం వరుస మరణాలతో అల్లాడిపోతుంది. 2025లో వచ్చిన ‘కిష్కింధపురి’లో దయ్యానికి నివాసం ఒక పాడుబడిన రేడియో కేంద్రం! మా వృత్తికి ఇంతటి గౌరవం దక్కుతుందని మేము ఊహించి ఉండలేదు.

ఈ చిత్రాలను చూసినవారి అభిప్రాయాలలో మూడు వేర్వేరు సంగతులు కలగలిసి ఉంటాయి. ఒకటి ఉలికిపాటు. రెండవది భయం. మూడవది నమ్మకం. ఈ మూడింటిని విడదీస్తే సగం వివాదం తీరిపోతుంది.

ఉలికిపాటు కేవలం శరీర ధర్మం. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే సెకనులో పదవ వంతు గడవకముందే కనురెప్పలు మూతపడతాయి, మెడ కండరాలు బిగుసుకొంటాయి. ఆలోచన అటుతరువాత వస్తుంది. దయ్యాలు ఉన్నవని నమ్మేవాడు ఎంత ఉలిక్కిపడతాడో, లేవని వాదించేవాడు కూడ అంతే ఉలిక్కిపడతాడు. దర్శకుడు చేసే పని ఏమనగా, ముందు కొంతసేపు నిశ్శబ్దాన్ని పరచి, మన చెవి సన్నని ధ్వనికోసం తనంత తాను సాగినప్పుడు, ఒక్కసారిగా గట్టి చప్పుడు చేయించడం. ఒక చిత్రంలో పదిసార్లు ఉలిక్కిపడ్డామంటే శబ్దగ్రాహకుని నేర్పును మెచ్చుకొనవలెను గాని, అది దయ్యం ఉన్నదనడానికి గాని, మనం పిరికివారమనడానికి గాని సాక్ష్యం కాదు.

భయం అంతకంటె నిదానమైనది. దానికి ఊహ కావలెను. భరతముని నాట్యశాస్త్రంలో భయానక రసానికి కారణాలను చెప్పినప్పుడు వికృతమైన ధ్వనిని మొట్టమొదట పేర్కొన్నాడు. భూతదర్శనం, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు, శూన్యగృహం, అరణ్య ప్రవేశం - ఇవి అటుతరువాతివి. వికృతధ్వని అంటే పెద్దధ్వని అని అర్థం కాదు. ఉండవలసిన చోట ఉండక, రాకూడని చోటునుంచి వచ్చే ధ్వని. పదహారేండ్ల బాలిక నోటినుంచి అరవై ఏండ్ల పురుషుని గొంతు రావడం వికృతధ్వని. అమెరికాలో 1973లో విలియం ఫ్రీడ్‌కిన్ ‘ది ఎక్సార్సిస్ట్’ తీసినప్పుడు, ఆవేశానికి గురియైన బాలిక నోట పలికిన పిశాచ స్వరాన్ని ఇచ్చినది మెర్సిడెస్ మెకాంబ్రిడ్జ్ అనే నటీమణి. ఆమె అంతకు చాల ఏండ్ల ముందే రేడియో నాటకాలలో ఆరితేరిన కళాకారిణి. మన ‘అరుంధతి’లో సోనూ సూద్ పోషించిన పశుపతి పాత్రకు తెలుగు గొంతు పి. రవిశంకర్‌గారిది. ‘బొమ్మాళీ’ అనే ఒక్క పిలుపు చిత్రం చూడనివారి చెవిలో కూడ నిలిచిపోయి, ఆయన పేరుకు ముందు చేరినది. కన్ను మూసుకొంటే తెరమీది బొమ్మ మాయమవుతుంది. చెవికి రెప్ప లేదు. భయానక చిత్రానికి ప్రాణం చెవిలో ఉన్నదనడానికి కారణం ఇదే.

ఇట్లా కలిగే భయం ఆనందాన్ని ఎందుకు ఇస్తుంది? సినిమాహాలులో మనం క్షేమంగా ఉన్నామన్న ఎరుక ఉన్నందువలననే. గుండె వేగంగా కొట్టుకొంటుంది, అరచేతులు చెమరుస్తాయి, కాని లేచి పారిపోవలసిన అవసరం లేదు. ప్రక్కన పదిమంది ఉంటారు. అందరు కలిసి అరుస్తారు, వెంటనే అందరు కలిసి నవ్వుతారు. ‘మసూద’ నెమ్మదిగా నడుస్తున్నదని కొందరు విసుగుకొన్నారు. ఆ నెమ్మదే దానికి బలమని కొందరు మెచ్చినారు. ఇద్దరు చెప్పినది రసానుభవాన్ని గురించే. ఇందులో రుచిభేదమే గాని తగవు లేదు.

ప్రేక్షకులు ఎంత భయపడినారన్న విషయంలో వచ్చే వార్తలను కూడ కొంత తగ్గించుకొని వినవలెను. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ రేడియోలో అంగారక గ్రహవాసుల దండయాత్ర నాటకాన్ని వార్తాప్రసారం పద్ధతిలో ప్రసారం చేసినాడు. దేశమంతా బెంబేలెత్తి వీథులలోకి పరుగెత్తినదని మరునాటి పత్రికలు వ్రాసినవి. భయపడినవారు ఉన్నమాట నిజమే గాని, పత్రికలు దానిని చాల పెద్దది చేసి చెప్పినవని తరువాతి పరిశోధకులు తేల్చినారు. చూసినవారు మూర్ఛపోయినారు అనే మాట ప్రతి దయ్యపు చిత్రానికి ప్రచారంగా పనికివస్తుంది.

మూడవది నమ్మకం. ఇక్కడనే మన ప్రాంతపు సంగతి వేరుగా ఉంటుంది.

హైదరాబాదులో ‘విరూపాక్ష’ చూసిన యువకునికి అడవి ఒక రంగాలంకరణ. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపునుంచి వచ్చి చూసినవానికి అది ఇంటికి పోయే దారి. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడినది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరినుంచి వచ్చి అందులో కలిసినది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినవి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడినది. సరిహద్దులు ఎన్నిసార్లు మారినా అడవి అదే, ఆ అడవిలోని కోయ గూడేలు అవే. ఈ గూడేలలో ఇలవేల్పుల కొలుపు ఉన్నది. వేల్పుల కథలను వంశపారంపర్యంగా గానం చేసే డోలి కోయలు ఉన్నారు. రెండేండ్లకు ఒకసారి మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతర జరిగినప్పుడు వడ్డెలు దేవతలను గద్దెలకు తీసుకొనివస్తారు. శివసత్తులు పూనకంతో ఊగిపోతారు. బోనాల సమయంలో సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం వినడానికి జనం చెవులు రిక్కించుకొని నిలబడతారు. వీరిలో ఎవరిని ఎవరూ రోగి అనరు.

పూనకం వేరు, గాలి సోకడం వేరు - ఈ భేదం పల్లెలోని ప్రతి ముసలమ్మకు తెలుసును. పూనకానికి ఒక వేళ, ఒక స్థలం, ఒక డప్పు దరువు ఉంటాయి. వచ్చిన దేవత మాట చెప్పి వెళ్లిపోతుంది. పూనినవారు మంచినీళ్లు త్రాగి తమ పనికి తాము పోతారు. గాలి సోకడమో, అది పిలవకుండ వస్తుంది, మనిషిని పీడిస్తుంది, ఇల్లంతా కల్లోలపరుస్తుంది. విచిత్రమేమనగా, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పు - 2022 జనవరి 1నుంచి అమలులోకి వచ్చినది - సరిగా ఈ భేదాన్నే పాటిస్తున్నది. మరొక శక్తి తనను ఆవహించినట్లు మనిషి ప్రవర్తించడాన్ని అది ఒక మానసిక రుగ్మతగా పేర్కొన్నది గాని, ఆ జనసముదాయపు ఆచారంలోనో మతకర్మలోనో భాగంగా వచ్చే ఆవేశాన్ని రుగ్మతగా లెక్కించరాదని స్పష్టంగా చెప్పినది. మనిషికి అది ఇష్టం లేకుండ వచ్చి, బాధ కలిగించి, బ్రతుకును చెడగొట్టినప్పుడే వైద్యుని పని మొదలవుతుంది.

మన చిత్రాలు తరచు ఈ భేదాన్ని చెరిపివేస్తాయి. అడవిలోని వేల్పును, అడ్డుత్రోవలోని క్షుద్రశక్తిని ఒకే బొమ్మగా చేసి, మెడలో ఎముకలు వేలాడే మాంత్రికుని చేతిలో పెడతాయి. తమ తల్లిని, తమ పూజారిని తెరమీద దయ్యాల సరసన చూసుకొనవలసి వచ్చినదని ఈ వైపు ప్రేక్షకుడు నొచ్చుకొంటే, ఆ అభిప్రాయాన్ని పట్టణంలోని విమర్శకుడు పట్టించుకొనడు. పట్టించుకొనవలసిన అభిప్రాయాలలో అది మొదటిది.

ఇక నా అనుభవం ఒకటి చెప్పవలెను. నేను పదేండ్లవాణ్ణి. అప్పుడు మా ఊరు అడవి అంచున ఉండేది. వానాకాలంలో మా వీథిలో ఒక అమ్మాయికి జ్వరం వచ్చినది. మా అక్క స్నేహితురాలు. మేమందరం ఆమెను కూడ అక్కా అనే పిలిచేవాళ్లం. రెండవనాటికి ఆమె పొంతనలేని మాటలు ఆడసాగినది. గొంతు బొంగురుపోయినది. కన్నతల్లిని గుర్తుపట్టలేదు. ఒకసారి ఒళ్లంతా విల్లువలె వంగినది. గాలి సోకినదని ఇంటివారు భూతవైద్యుణ్ణి పిలిపించినారు. మిరపకాయల పొగ వేసినారు. వేపమండలతో కొట్టినారు. కొట్టిన ప్రతిసారి ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎవరు నువ్వు, నిన్ను ఎవరు పంపినారు? చాలసేపటికి ఆమె ఒక పేరు పలికినది. అది మా వీథి చివర ఒంటరిగా ఉండే ఒక అవ్వ పేరు. వాకిట్లో ఇప్పపూలు ఎండబెట్టుకొనేది కనుక మేము పిల్లలం ఆమెను ఇప్పపూల అవ్వ అనేవాళ్లం. చిన్న జబ్బులకు ఆకుపసరు ఇచ్చేది. ఆ పసరు మాలో త్రాగనివారు లేరు.

మూడవనాడు ఎవరో ధైర్యం చేసి అమ్మాయిని ఎడ్లబండిలో పట్టణానికి తీసుకొనిపోయినారు. రక్తపరీక్షలో మలేరియా అని తేలినది. అది మెదడుకు ఎక్కిన మలేరియా. అదృష్టవశాత్తు బ్రతికినది. పదిహేను రోజులకు ఇంటికి వచ్చి, జరిగినదేదీ తనకు జ్ఞాపకం లేదన్నది. కాని ఈలోగా ఇప్పపూల అవ్వ ఇంటి కప్పు మీద రాళ్లు పడినవి. బావి దగ్గర ఆమె చేద వేస్తే తక్కినవారు చేద వేయడం మానివేసినారు. ఒక తెల్లవారుజామున ఆమె మూట కట్టుకొని ఎక్కడికో వెళ్లిపోయినది. జ్వరం తగ్గిన తరువాత కూడ ఆమెను ఎవరు వెనుకకు పిలవలేదు. అమ్మాయికి మలేరియా అని ఊరందరికి తెలుసును. అవ్వ మంత్రగత్తె అని కూడ ఊరందరికి తెలుసును. ఈ రెండు తెలివిడులు ప్రక్కప్రక్కనే ఎట్లా ఉండగలిగినవో నాకు చాల ఏండ్లవరకు బోధపడలేదు.

ఈ ఉద్యోగంలో చేరిన తరువాత బోధపడినది. ఒక మనిషిని మైకు ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడంలో మేము నేర్చుకొనే మొదటి పాఠం, జవాబును ప్రశ్నలోనే పెట్టరాదని. మీకు ఎవరిమీద కోపం అని అడిగితే, కోపం లేనివాడు కూడ కొంత వెదకి ఒక పేరు చెబుతాడు. ఇక జ్వరంతో తెలివి తప్పి, దెబ్బలు తింటున్న పిల్లను, నిన్ను ఎవరు పంపినారని గంటసేపు అడిగితే ఏమగును? ఏదో ఒక పేరు వస్తేనే దెబ్బ ఆగుతుంది. ఆ పేరు నలుగురి నోళ్లలో నిత్యం నానేదే అయి ఉంటుంది. ఒంటరి విధవదో, పసరువైద్యం తెలిసినదానిదో, పొలంగట్టు తగాదా ఉన్నవానిదో.

దయ్యపు చిత్రాలన్నింటిలోను ఈ ప్రశ్న ఉంటుంది. మాంత్రికుడో, ఫకీరో, పూజారో ఎవరు నువ్వు అని గద్దిస్తాడు. ఆవహించిన ఆత్మ తన కథ చెబుతుంది. గమనించవలసినదేమనగా, సినిమాలో ఆ జవాబు ఎల్లప్పుడు నిజమే. ఎందుకనగా ఆ జవాబును వ్రాసినవాడే కథను కూడ వ్రాసినాడు. ఆ జవాబు పట్టుకొని వెళ్తే పాత హత్య బయటపడుతుంది, పాతిపెట్టిన ఎముకలు దొరుకుతాయి, న్యాయం జరుగుతుంది. ప్రేక్షకుడు ఇంటికి వచ్చేసరికి దయ్యాన్ని మరచిపోతాడు; అది కల్పితమని అతనికి తెలుసును. కాని ఆవేశంలో ఉన్న నోరు అబద్ధమాడదు అనే ఊహ మాత్రం అతనితో ఇంటికి వస్తుంది. అదే ప్రమాదమైనది. మా ఊరి అవ్వను వెళ్లగొట్టినది దయ్యమున్నదన్న నమ్మకం కంటె, ఆ నోట వచ్చిన పేరు నిజమన్న నమ్మకం.

‘విరూపాక్ష’ కథకు మూలం కూడ ఒక నిందయే. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక దంపతులను గ్రామస్థులు దహనం చేయడంతో ఆ కథ మొదలవుతుంది. తరువాతి సంగతి చూడనివారికి చెప్పడం న్యాయం కాదు. కాని చిత్రం చూసి వచ్చినవారిలో చాలమంది ముగింపులోని మలుపును గురించి మాట్లాడుకొంటారు గాని, ఆ మొదటి మంటను గురించి మాట్లాడుకొనరు. అది తెరమీద కథకు ఆరంభం మాత్రమే. బయట అదే కథకు అంతం. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో మంత్రవిద్య కారణంగా 85 హత్యలు జరిగినవి. మన సరిహద్దు మండలాలలో కూడ చేతబడి అనుమానంతో హత్యలు జరిగిన వార్తలు మనం అప్పుడప్పుడు చదువుతూనే ఉన్నాము. చర్ల దాటి ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెడితే, స్త్రీని మంత్రగత్తె అని నిందించి బాధించడాన్ని శిక్షించే ప్రత్యేక చట్టం 2005నుంచి ఉన్నది. ఒడిశాలో 2013నుంచి ఉన్నది. ఇటువైపు అటువంటి ప్రత్యేక చట్టం లేకపోయినా, కొట్టడం, బెదిరించడం, చంపడం సాధారణ శిక్షాస్మృతి క్రిందనే నేరాలు. తాయెత్తులతో, మంత్రాలతో రోగాలు కుదురుస్తామని ప్రకటనలు చేయడాన్ని నిషేధించే కేంద్ర చట్టం 1954నాటిది.

వైద్యులు చెప్పేది కూడ నాలుగు మాటలలో చెప్పవలెను. గాలి సోకినదని మనం అనుకొనే స్థితి వెనుక ఒకే కారణం ఉండదు. మన ప్రాంతంలో, ముఖ్యంగా వానాకాలంలో, మొదట అనుమానించవలసినది మలేరియాను. ఫాల్సిపారం అనే జాతి మలేరియా మెదడుకు సోకితే సంధిప్రేలాపన, ఫిట్లు, స్మృతి తప్పడం సంభవిస్తాయి. గంటలు లెక్కపెట్టుకొనవలసిన వ్యాధి అది. వేలికొసనుంచి తీసిన రక్తపు బొట్టుతో ఆశా కార్యకర్త అరగంటలోపల పరీక్షించి చెప్పగలదు. రెండవది మూర్ఛవ్యాధి, అది మందులతో చాలమందికి అదుపులోకి వస్తుంది. మూడవది, కాన్పు అయిన తొలి వారాలలో కొందరు బాలింతలకు వచ్చే తీవ్రమైన మతిభ్రమ. తల్లికి బిడ్డకు ఇద్దరికి ప్రాణాపాయమైనది, కాని చికిత్సకు లొంగేది. నాలుగవది, శరీరంలోని రక్షణశక్తి పొరబడి మెదడుమీదనే దాడి చేసే ఒక వ్యాధి. 2007లో డాక్టర్ జోసెప్ డల్మావ్ బృందం దీనిని స్పష్టంగా గుర్తించినది. ఆరోగ్యంగా ఉన్న యువతి కొద్దిరోజులలో అరుపులు, వింతచేష్టలు, బిగుసుకొనిపోవడం - ఇట్లా మారిపోతుంది. సరియైన వైద్యంతో చాలమంది కోలుకొంటారు.

వీటిలో ఏదీ కానప్పుడు మనసు సంగతి వస్తుంది. అత్తవారింట నోరు విప్పలేని కోడలు, చదువు మాన్పించి పెండ్లి కుదిర్చిన పిల్ల, తన గొంతుతో చెప్పుకొనలేని దుఃఖాన్ని మరొకరి గొంతుతో చెప్పడం కలదు. ఆమె నటించడం లేదు. తన వశంలో తాను లేదు. ‘చంద్రముఖి’లోని వైద్యుడు చెప్పిన వివరణలో నాటకీయత ఎక్కువైనప్పటికి, ఈ బాధ వెనుక ఒక మనిషి చరిత్ర ఉన్నదన్న మాట సరియైనదే. దయ్యానికి కోపం ఎందుకు వచ్చినదని అడిగేబదులు, ఈ అమ్మాయికి కష్టం ఏమి వచ్చినదని అడిగితే సగం వైద్యం అక్కడనే మొదలవుతుంది.

గుడికి, దర్గాకు తీసుకొనిపోవద్దా అని చాలమంది అడుగుతారు. మనశ్శాంతికి పోవచ్చును, కాని మందును మానిపించరాదు, మనిషిని కట్టివేయరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా సమీపాన ఒక పాకకు నిప్పంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు 28 మంది పారిపోలేక మరణించినారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చినది. రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని అది శాసిస్తున్నది. ఇంటివారికి ఏమి చేయవలెనో తోచనప్పుడు టెలి మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 అనే సంఖ్యపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఈ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది.

అయితే దయ్యపు చిత్రాలు తీయరాదా, చూడరాదా? అట్లా అనడం నా అభిమతం కాదు. భయానకం మన పూర్వులు గౌరవించిన రసం. హేతువాదులు ఈ చిత్రాలను నిషేధించవలెనన్నప్పుడు నేను వారితో ఏకీభవించలేను. వాటిని చూసి ఊరిలో ఒకరిమీద వేలు చూపించేటప్పుడు మాత్రం హేతువాదితోనే నిలబడతాను. పిల్లల విషయంలో సెన్సారు పత్రాన్ని చూసుకొనడం తల్లిదండ్రుల బాధ్యత. 2023 చట్టసవరణ దరిమిలా పెద్దల తోడుతో చూడవలసిన చిత్రాలను ఏడు, పదమూడు, పదహారు ఏండ్ల వయస్సులనుబట్టి మూడు తరగతులుగా విభజించినారు. భయపడిన పిల్లవాణ్ణి ఎగతాళి చేయకుండ, ఆ గొంతు ఎవరిచ్చినారో, ఆ చప్పుడు ఎట్లా చేసినారో చెప్పితే, భయం స్థానంలో కుతూహలం చేరుతుంది. ఇనుపరేకును ఊపితే ఉరుము వస్తుందని మా స్టూడియో చూడవచ్చిన పిల్లలకు చూపినప్పుడు వారి ముఖాలు వికసించడం నేను ఎన్నోసార్లు చూసినాను.

కనుక ఇకమీదట ఇటువంటి చిత్రం చూసి వచ్చి, ఇంట్లో అభిప్రాయాలు చెప్పుకొనేటప్పుడు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకొనవచ్చును. ఉలిక్కిపడ్డామా? అది శబ్దగ్రాహకుని పని. భయపడ్డామా? అది దర్శకుని, నటీనటుల పని. నమ్మినామా? నమ్మితే, దేనిని నమ్మినాము? ఈ మూడవ ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలసినది మనమే.

మా ఊరిలో ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో వేరొకరు డాబా కట్టుకొన్నారు. వేసవిలో వాకిలి నిండ ఇప్పపూలు ఎండుతుండగా ఆ వీథిలోకి అడుగుపెడితే వచ్చే వాసన మాత్రం నాకు జ్ఞాపకం ఉన్నది. అవ్వ ఏ ఊరు చేరినదో, ఎన్నాళ్లు బ్రతికినదో మాలో ఎవరికి తెలియదు. ఆమె పేరు పలికిన అక్క నేడు మనుమరాలిని ఎత్తుకొని తిరుగుతున్నది. ఒకసారి నేను ఆ సంగతి ఎత్తితే, చాలసేపు మాట్లాడక, ‘నేను ఆ పేరే ఎందుకు చెప్పినానో తమ్ముడూ!’ అన్నది. ఆమెకు ఆ పూట పసరు త్రాగించినది కూడ ఆ అవ్వయేనట.